తిరిల్ చదవని పేజీలు

శుక్రవారం మధ్యాహ్నం. పిల్లలు రొట్టె డబ్బాలు మూసేసి, కాళ్ళకు ఉన్ని మేజోళ్ళతోనే లైబ్రరీ గదిలోకి జారుతూ వచ్చారు. బయట మంచూ వానా కలిసి పడుతున్నాయి. కిటికీలోంచి రేవు, దాని వెనక బూడిద రంగు సముద్రం కనిపిస్తున్నాయి.

"ఈ వారం ఏ పుస్తకం, తిరిల్?" అని అడిగింది టీచర్ ఇంగ్విల్.

తిరిల్ పుస్తకం ఎత్తి చూపించింది. అట్ట మీద ఎర్ర పడవ, అందులో నవ్వుతున్న ఒక అమ్మాయి.

"కొత్తగా వచ్చింది కదా, నేనింకా చూడలేదు. నువ్వు చదివావా?"

"చదివాను. చాలా బాగుంది," అంది తిరిల్.

తిరిల్‌కి పదకొండేళ్ళు. నార్వేకి ఉత్తరపు కొసన ఉన్న ఆ దీవిలో ఒకటే బడి. అక్కడ ఆరో తరగతి వాళ్ళు ఒక్కొక్కరూ ఒకటో తరగతి పిల్లల్లో ఒకరికి తోడుగా ఉండాలి. బూట్లు తొడగాలి, ఆటల్లో చూసుకోవాలి, శుక్రవారం పుస్తకం చదివి వినిపించాలి. తిరిల్‌కి అప్పజెప్పిన పిల్ల పేరు సునివా. ఎక్కువ మాట్లాడదు. కథ నచ్చితే మాత్రం తిరిల్ మోచేతిని గట్టిగా పట్టుకుంటుంది.

పెద్దయ్యాక టీచర్‌నవుతానని తిరిల్ ఎప్పుడో తేల్చేసుకుంది. టీచర్ అంటే బోలెడు పుస్తకాలు చదివి ఉండాలని ఆమె లెక్క. తరగతి గోడ మీద ఒక కాగితం చెట్టుంది. పుస్తకం పూర్తిచేసిన వాళ్ళు దాని పేరు ఒక ఆకు మీద రాసి తమ కొమ్మకు అంటించాలి. తిరిల్ కొమ్మ అందరికంటే గుబురుగా ఉండేది.

ఆ ఆకులు ఎలా వచ్చాయో తిరిల్‌కి మాత్రమే తెలుసు. మొదటి కొన్ని పేజీలు చదివేది. తర్వాత అట్ట వెనక ఉన్న నాలుగు మాటలు. ఆ తర్వాత చివరి పేజీ. ఎవరైనా కథ అడిగితే చెప్పడానికి అవి చాలు. ఎర్ర పడవ పుస్తకాన్ని కూడా అలాగే చదివింది. మొదట్లో అమ్మాయీ వాళ్ళ నాన్నా కలిసి పడవకు రంగు వేస్తారు. చివర్లో ఆ అమ్మాయి తెడ్డు వేస్తూ నవ్వుతుంది. ఇంకేం కావాలి?

సునివా మెత్త మీద కూర్చుని తిరిల్‌కి ఆనుకుంది. తిరిల్ గొంతు మార్చి మార్చి చదివింది. నాన్న ముక్కుకి ఎర్ర రంగు అంటుకున్నచోట సునివా కిసుక్కున నవ్వింది. మోచెయ్యి పట్టుకుంది.

తిరిల్ పేజీ తిప్పింది. తుఫాను. ఇంకో పేజీ తిప్పింది. రేవులో జనం మాట్లాడకుండా నిలబడి ఉన్నారు. ఆమె నోరు అలవాటుగా చదువుకుంటూ పోయింది.

"పడవ దొరికింది. నాన్న దొరకలేదు."

ఆ మాటలు తన చెవిన పడ్డాక గానీ తిరిల్ ఆగలేదు.

పోయిన చలికాలం, చేపల వేట జోరుగా సాగే రోజుల్లో, సునివా వాళ్ళ నాన్న సముద్రంలోకి వెళ్ళి తిరిగి రాలేదు. దీవిలో ఆ సంగతి తెలియని వాళ్ళు లేరు. తిరిల్‌కీ తెలుసు.

మోచేతి మీద ఉన్న చిన్న చెయ్యి వదులైంది.

"ఇది ఇందులో ఉందని నీకు తెలుసా?" అని అడిగింది సునివా.

తిరిల్ గబగబా చివరి పేజీకి తిప్పింది. "చూడు, చివర్లో నవ్వుతుంది. చివర్లో అంతా బాగుంటుంది."

సునివా ఆ బొమ్మ వైపు చూడలేదు. లేచి గదిలోంచి వెళ్ళిపోయింది. ఇంగ్విల్ వెతుక్కుంటూ వెళ్తే, కోట్లు తగిలించే చోట, తన కోటు కింద ముడుచుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఎవరితోనూ మాట్లాడడం లేదు. వాళ్ళమ్మ వచ్చి ఎత్తుకుని తీసుకెళ్ళింది.

బడి వదిలాక తిరిల్ తన కుర్చీలోంచి లేవలేదు. ఇంగ్విల్ వచ్చి పక్కన కూర్చుంది.

"నువ్వు చదవలేదు కదూ," అంది. గొంతులో కోపం లేదు. అందుకే తిరిల్‌కి ఇంకా కష్టంగా అనిపించింది.

"మొదలూ చివరా చదివాను."

"మిగతావి కూడా అలాగేనా?" ఇంగ్విల్ కాగితం చెట్టు వైపు చూసింది.

తిరిల్ తల ఊపింది. "చాలావరకు."

ఇంగ్విల్ ఎర్ర పడవ పుస్తకాన్ని చేతిలోకి తీసుకుంది. "అది పిల్లల చేతికిచ్చే ముందు నేనూ చూడాల్సింది. ఆ తప్పు నాది. వాళ్ళమ్మతో నేను మాట్లాడతాను." తర్వాత మెల్లగా అడిగింది. "ఆ ఆకుల మీదున్న పుస్తకాల్లో నీకు బాగా నచ్చింది ఏది?"

తిరిల్ తన కొమ్మ వైపు చూసింది. పేర్లన్నీ తను రాసినవే. ఒక పుస్తకంలో కుక్క ఉందని గుర్తుంది. ఆ కుక్క పేరేమిటో, దానికి ఏమైందో గుర్తులేదు. ఎంతసేపు చూసినా ఒక్క కథ కూడా మొత్తంగా గుర్తుకు రాలేదు.

"తెలీదు," అంది చివరికి.

ఇంగ్విల్ ఎర్ర పడవ పుస్తకాన్ని తిరిల్ ముందు పెట్టి లేచింది.

శనివారం పొద్దున తిరిల్ వంటగదిలో పుస్తకం ముందేసుకుని కూర్చుంది. వేళ్ళు వాటంతటవే వెనక పేజీల వైపు వెళ్ళాయి. వెనక్కి లాక్కుంది. మళ్ళీ వెళ్ళాయి. జడలోంచి క్లిప్పు తీసి చివరి పేజీలకు పెట్టేసింది.

"ఏంటే, పుస్తకానికి జడ వేస్తున్నావా?" అంది వాళ్ళమ్మ, పొయ్యి మీద పాలగంజి కలుపుతూ.

"దొంగతనంగా చూడకుండా."

అమ్మకి ఇంగ్విల్ ఫోన్ చేసి అంతా చెప్పింది. అందుకే ఇంకేం అడగలేదు. గంజి గిన్నె తెచ్చి పక్కన పెట్టి వెళ్ళింది.

నెమ్మదిగా చదవడం తిరిల్‌కి కష్టమైంది. కళ్ళు వాక్యాల మీంచి దూకేవి. దూకినప్పుడల్లా వెనక్కి వచ్చి మళ్ళీ మొదలుపెట్టింది. నాన్న దొరకలేదన్న చోట అమ్మాయి కథ ఆగిపోలేదు. ఆ పిల్ల పడవను ముట్టుకోనంది. బూట్లు తొడుక్కోనంది. వాళ్ళమ్మతో కూడా మాట్లాడలేదు. ఎందరో వచ్చి ధైర్యంగా ఉండమన్నారు. వాళ్ళెవరి మాటా ఆ పిల్లకి పట్టలేదు. వాళ్ళమ్మ మాత్రం ఏమీ అనకుండా రోజూ పడవ దగ్గరికి వెళ్ళి కూర్చునేది. ఒకరోజు పిల్ల కూడా వెళ్ళి పక్కన కూర్చుంది. అంతే జరిగింది. ఆ పేజీని తిరిల్ రెండోసారి కూడా చదివింది.

గంజి చల్లారి పైన తెట్టు కట్టింది. క్లిప్పు తీసి చివరి పేజీ చూసింది. ఇంతకుముందు చూసిన బొమ్మే. కానీ ఆ నవ్వు ఇప్పుడు వేరేగా ఉంది. తను ఏడుస్తున్నానని తిరిల్‌కి కాసేపటికి గానీ తెలియలేదు.

సోమవారం బడికి అందరికంటే ముందే వెళ్ళింది. కాగితం చెట్టు ముందు నిలబడి ఒక్కొక్కటిగా తన ఆకులు పీకింది. పూర్తిగా చదివానని నిజంగా చెప్పగలిగినవే ఉంచింది. అవి చాలా తక్కువ.

అదే తరగతి చదివే యోన్ లోపలికి వస్తూ చూశాడు. "ఏం తిరిల్, నీ కొమ్మకి చలికాలం వచ్చిందా?"

"అవును," అంది తిరిల్. "చదవని వాటికి కూడా అంటించాను."

సునివా ఆ వారం తిరిల్ పక్కకు రాలేదు. బూట్లు తనే తొడుక్కుంది. ఎడమది కుడి కాలికి వేసుకున్నా సాయం అడగలేదు. తిరిల్ దూరం నుంచి చూసి ఊరుకుంది. గురువారం ఆట సమయంలో సునివా గోడ వారన ఒంటరిగా మంచు తవ్వుతుంటే దగ్గరికి వెళ్ళింది.

"సునివా, నీతో ఒకటి చెప్పాలి."

సునివా పార ఆపలేదు.

"ఆ పుస్తకం చదివానని చెప్పాను కదా. అబద్ధం. చదవలేదు. చదివి ఉంటే ముందే నీకు చెప్పేదాన్ని. తప్పు చేశాను."

"ఎందుకు చదవలేదు?"

"ఎక్కువ ఆకులు అంటించాలని."

సునివా తల ఎత్తి చూసింది. ఆ జవాబు ఆమెకి వింతగా అనిపించినట్టుంది. కాసేపు మంచు తట్టింది.

"ఇప్పుడు చదివావా?"

"చదివాను. అన్ని పేజీలూ."

"వాళ్ళ నాన్న వస్తాడా?"

తిరిల్ ఆమె పక్కన మంచులో మోకాళ్ళ మీద కూర్చుంది. ఔననడం ఎంత తేలికో ఆమెకి తెలుసు.

"రాడు," అంది.

సునివా పారని మంచులో గుచ్చి నిలబెట్టింది. "మా నాన్న కూడా రాడు."

"తెలుసు."

"అమ్మాయి ఏం చేస్తుంది మరి?"

"చెప్పమంటావా, చదవమంటావా?"

"చదువు," అంది సునివా. "పరిగెత్తొద్దు."

ఇంగ్విల్ సునివా వాళ్ళమ్మను అడిగింది. పిల్ల కావాలంటే చదవండి, వద్దన్నప్పుడు ఆపండి అందామె. శుక్రవారం ఇద్దరూ కిటికీ కింద మెత్త మీద కూర్చున్నారు. ముందుగా తిరిల్ అంది, "రేవు పేజీ వచ్చే ముందు చెప్తాను. ఆపమంటే ఆపేస్తాను."

ఆ పేజీ ముందు చెప్పింది. సునివా ఒకసారి ఊపిరి పీల్చుకుని, "ఊఁ," అంది. తిరిల్ చదివింది. గొంతు మార్చలేదు. మామూలుగా, మెల్లగా చదివింది. అమ్మాయి పడవను ముట్టుకోనన్న చోట సునివా వేలితో బొమ్మ మీద తట్టింది.

"దీనికి కోపం వచ్చిందా?"

"ఎవరి మీద?"

"సముద్రం మీద."

తిరిల్ ఆ పేజీ మళ్ళీ ఒకసారి చూసింది. "ఇందులో రాయలేదు. నువ్వేమనుకుంటున్నావు?"

గంట మోగింది. మిగతా పిల్లలు లేచి, పుస్తకాలు అరల్లో పెట్టేసి, ఒకరినొకరు తోసుకుంటూ బయటికి వెళ్ళిపోయారు.

"నాకైతే కోపం వచ్చింది," అంది సునివా. తర్వాత ఎందుకు వచ్చిందో చెప్పడం మొదలుపెట్టింది.

తిరిల్ పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని వింటూ కూర్చుంది. పేజీ తిప్పలేదు.