సున్నా నంబరు ప్రాసెసర్

"నా ఇంటరప్టుల్ని ఎవరు కదిలించారు?" టెస్టింగ్ కుర్రాడు ల్యాబంతా వినపడేలా అడిగాడు.

"నేనే. మీవని వాటిమీద పేరు రాసుందా?" అంది కెర్నెల్ టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి, స్క్రీన్ మీంచి తల తిప్పకుండా.

ఏ చిన్న డేటా ప్యాకెట్ వచ్చినా నెట్‌వర్క్ కార్డు ప్రాసెసర్‌ని పిలుస్తుంది, చేస్తున్న పని ఆపి చూడమంటుంది. ఆ పిలుపే ఇంటరప్ట్. కొలతలు నిలకడగా వస్తాయని అతను పిలుపులన్నిటినీ మెషీన్‌లో ఉన్న ఎనిమిదింటిలో మొదటిదైన సున్నా నంబరు ప్రాసెసర్‌కే కట్టేసేవాడు. ఆమె రాసిన ప్రోగ్రామ్ వాటిని విప్పి ఎనిమిదింటికీ పంచేది. ఒకరు చేసింది ఒకరు చెడగొట్టుకుంటూ, వారంగా ఇద్దరూ మెషీన్‌నే తిట్టుకున్నారు.

"ఒక్కదాని నెత్తినే అన్నీ రుద్దితే అది సొంత పనెప్పుడు చేసుకుంటుంది? మిగతా ఏడూ గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలా?"

అంతలో ఆమె ఫోన్ మోగింది. "ఎర్ర మాత్ర కాదమ్మా, తెల్లది. తాతయ్య అన్నం తిన్నాకే." మళ్లీ మోగింది. ఈసారి తమ్ముడు, స్కూటర్ తాళం కనపడట్లేదట.

అతను వాదన ఓడిపోయాడు. మనసు అంతకుముందే పోయింది. అదేమంత గొప్ప విషయం కాదు, ఆ ఈడులో అందరికీ పోయేదే.

రెండు నెలల స్నేహం తర్వాత ఒక సాయంత్రం వాన ఇద్దర్నీ ఆఫీసు మెట్ల దగ్గర ఆపేసింది. అతను అడిగేశాడు. "నువ్వంటే నాకిష్టం. పెళ్లి చేసుకుందామా?"

"నాకూ ఇష్టమే," అంది. ఆ వెంటనే ముఖం చిన్నబుచ్చుకుంది. "కానీ మా ఇంట్లో ఏం కావాలన్నా నాకే ఫోన్ చేస్తారు. నేనొచ్చేస్తే వాళ్లకి కాలూ చెయ్యీ ఆడదు."

"ఎనిమిదింటికి పంచేదానివి, ఇంట్లో మాత్రం అన్నీ నీ నెత్తినే వేసుకున్నావ్. సగం నాకివ్వు."

"మాటలకేం, ఎవరైనా చెప్తారు," అంటూ వాన తగ్గకముందే వెళ్లిపోయింది.

మర్నాడు ల్యాబ్‌లో ఆమె పలకరించలేదు. అతను ఆశ వదులుకున్నాడు. మధ్యాహ్నం కొత్త నంబరు నుంచి అతనికి ఫోన్ వచ్చింది.

"బాబూ, మీ కెర్నెల్ టీమ్ అమ్మాయి వాళ్లమ్మని. కుళాయి విరిగింది, నీళ్లు ఆగట్లేదు. దానికి ఫోన్ చేస్తే, ఇకమీదట ఇలాంటివి మీకు చెప్పమంది. ఆయనెవరే మనకి అంటే, ఆయన్నే అడగమంది. ఇంతకీ మీరేమవుతారు నాయనా?"

అతను గది అవతలికి చూశాడు. ఆమె తల తిప్పలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"మీరు సరేనంటే అల్లుణ్ణి అవుతానండీ," అన్నాడు. "ముందు మెయిన్ వాల్వ్ కట్టెయ్యండి, వస్తున్నా."