టోపీ అంచులో కుట్టు

"కూర్చో. ఇవాళ్టి నుంచి నువ్వు టూరిస్టువి."

చీఫ్ బల్ల మీదికి ఒక ఫోటో విసిరాడు. బట్టతల, బంగారు ఫ్రేము కళ్లజోడు. విదేశీ ముఠా కొరియర్. మారుపేరు డాక్టర్.

"మన నౌకాదళం సిగ్నల్ కోడ్‌లున్న మైక్రోచిప్ ఒక టూరిస్టు దీవిలో వీడి చేతికి వస్తుంది. అది దీవి దాటిందంటే మన ఓడలు ఎక్కడున్నాయో వాళ్లకు తెలిసిపోయినట్టే. అక్కడ మన మనిషి ఒకతి టూరిస్టు గైడ్‌గా ఉంది. ఎప్పుడు, ఎక్కడ అనేది ఆమె చెబుతుంది."

"ఎస్ సార్."

"ఒంటరి మగాడు బైనాక్యులర్స్ పట్టుకుని బీచ్‌లో తిరిగితే అనుమానం వస్తుంది. పక్కన కుటుంబం ఉండాలి. నీకు పెళ్లి కాలేదుగా, అక్కని తీసుకెళ్లు. ట్రాన్స్‌మిటర్ ఆవిడ సామాన్లో పెట్టు. దొరికితే టూరిస్టు దొరుకుతుంది, మనకేం సంబంధం లేదు. పని కాగానే నువ్వొక్కడివే స్పీడ్‌బోట్‌లో బయటపడు. ఆవిడ సంగతి తర్వాత చూద్దాం."

డిపార్ట్‌మెంట్‌లో 'నీడ' అని పేరుమోసిన ఆ మనిషి క్షణం కూడా తటపటాయించలేదు. "ఎస్ సార్" అన్నాడు. ఆ మాట నోట్లోంచి అంత తేలిగ్గా ఎలా ఊడిపడిందో! లిఫ్ట్ అద్దంలో తన ముఖం తను చూసుకోబుద్ధి కాక నేలచూపులు చూస్తూ కిందికి దిగాడు.

అక్కది టైలరింగ్ షాపు. అమ్మ పోయినప్పటి నుంచి ఇతన్ని సాకింది ఆ కుట్టుమిషనే. తమ్ముడు వాటర్ ఫిల్టర్లు అమ్ముతాడని ఆవిడ నమ్మకం. కంపెనీవాళ్లు ఇద్దరికి ఫ్రీ టూర్ ఇచ్చారని చెప్పగానే షాపుకు తాళం వేసి, మిగిలిన పూలగుడ్డ ముక్కలతో వెడల్పాటి టోపీ కుట్టుకుంది. బయలుదేరే రోజు ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు నీడ ఆ టోపీ అంచు విప్పి, ట్రాన్స్‌మిటర్ దూర్చి, మళ్లీ కుట్టేశాడు. బాంబులు విప్పడం వచ్చిన చేతులకు సూది పని సరిగ్గా కుదరలేదు.

విమానంలో అక్క కళ్లజోడు పెట్టుకుని, దీవికి వచ్చేవాళ్ల కోసం వేసిన కరపత్రం పైకి చదవడం మొదలుపెట్టింది.

"చంటీ, విను. డబ్బు ఎయిర్‌పోర్టులో మార్చుకోవద్దట, ఊళ్లోకి వెళ్లాక మార్చుకుంటే మేలట. ప్లగ్గులు మనవి పట్టవట. ఎండకి రాసుకునే క్రీము దీవిలోకి రానివ్వరట, సముద్రంలో పగడాలు చచ్చిపోతాయట పాపం. వానాకాలంలో ఆఖరి పడవ అయిదింటికి కాదు, నాలుగింటికేనట."

"అక్కా, నీకో దణ్ణం. కాస్త పడుకోనీ."

అక్క కరపత్రం మడిచి సంచీలో పెట్టుకుంది. ఆ తర్వాత ఏమీ చదవలేదు. రాసినవి రాసినట్టే జరిగాయి. నీడ వైర్‌లెస్ సెట్ చార్జర్ ఏ ప్లగ్గులోనూ దూరలేదు, అక్క తెచ్చిన అడాప్టరే గతయింది. జెట్టీలో తనిఖీవాళ్లు ప్రతి సంచీ తెరిచి క్రీము ట్యూబులన్నీ డబ్బాలో పడేయించారు. డాక్టర్ ట్యూబు కూడా అందులోనే పడింది.

గైడ్ ఎర్రటి పెదవులతో, నల్ల కళ్లజోడుతో, సినిమా పోస్టర్ లోంచి దిగినట్టుంది. రోజూ వచ్చిపోయే మనిషని ఆమె సంచీని తనిఖీవాళ్లు ముట్టుకోలేదు. నీడ కోడ్ విసిరాడు.

"ఇక్కడ అలలు ఎంత ఎత్తు లేస్తాయి?"

"చూసేవాళ్ల ధైర్యాన్ని బట్టి."

కోడ్ కలిసింది. రెండు రోజులు ఆమె వాళ్లను, డాక్టర్‌ను ఒకే గుంపులో తిప్పింది. మూడో రోజు చెవిలో గుసగుసలాడింది. "ఇవాళ లైట్‌హౌస్ దగ్గర, నాలుగున్నరకి. వాడు అయిదింటి పడవ ఎక్కుతాడు."

నీడ మరో ఆలోచన లేకుండా తలూపాడు. అక్క చెబితే దణ్ణం పెట్టినవాడు, ఎర్రటి పెదవులు చెబితే నమ్మేశాడు.

"అక్కా, నువ్వు జెట్టీ దగ్గర కూర్చో. నేనిప్పుడే వచ్చేస్తా."

"రా నాన్నా, తొందరగా. నువ్వొచ్చేదాకా అక్కడే ఉంటా."

ఆ మాట విని కూడా అతను వెనక్కి చూడలేదు. లైట్‌హౌస్ ఉన్న గుట్ట ఎక్కాడు. కింద వెనకవైపు ఒడ్డున స్పీడ్‌బోట్ సిద్ధంగా ఉంది. లైట్‌హౌస్ దగ్గర పురుగు కూడా లేదు. నాలుగు కావస్తుండగా ఇయర్‌ఫోన్ గరగరలాడింది. టోపీలోని ట్రాన్స్‌మిటర్.

"కాస్త ఆగు బాబూ, మా తమ్ముడు రావాలి."

"ఇదే ఆఖరి పడవమ్మా. వానాకాలం. కాలు తీయండి!"

"తీయను. ఒక కాలు పడవలో పెట్టా, ఒకటి గట్టు మీద పెట్టా. నన్ను నీళ్లలో పడేసి పోతానంటే పో. వాణ్ణి వదిలేసి నేనెక్కడికీ రాను."

పడవలోంచి గైడ్ గొంతు. "ఆ ముసల్దాన్ని లాగేసి పడవ తీయవయ్యా!"

అంటే లైట్‌హౌస్ మాట అబద్ధం, డాక్టరూ ఆ పడవలోనే ఉన్నాడు. నీడకు తల కొట్టేసినట్టయింది. తను వదిలేసి పోదామనుకున్న మనిషి, తన కోసం పడవనే పట్టుకుని నిలబడింది.

"స్పీడ్‌బోట్ ఎక్కు. బోట్‌లోనే వెంటాడు" అన్నాడు చీఫ్ రెండో చెవిలోని ఇయర్‌ఫోన్‌లో.

"ఈ గుట్ట చుట్టూ తిరిగొచ్చేసరికి పడవ దాటిపోతుంది సార్. అక్క అక్కడుంది" అని అతను రెండోవైపు దిగువకు పరుగెత్తాడు. చెప్పు తెగింది, మోకాలు పగిలింది, ఆగలేదు.

అతను జెట్టీ చేరేసరికి డాక్టర్ అక్కను ఒక్క తోపు తోశాడు. టోపీ ఎగిరి నీళ్లలో పడింది. అక్క కమ్మీ పట్టుకుని వేలాడింది కానీ కాలు తీయలేదు. నీడ ఆవిడ్ని పడవలోకి లాగి, డాక్టర్ వైపు తిరిగాడు. వాడి జేబులోంచి క్రీము ట్యూబు తొంగిచూస్తోంది.

జెట్టీలో అందరి ట్యూబులూ తీసేసుకున్నారే! మరి వీడికి ఇదెక్కడిది? తనిఖీ లేకుండా దీవిలోకి వచ్చిపోయేది గైడ్ ఒక్కతే.

డాక్టర్ ట్యూబును సముద్రంలోకి విసరబోయాడు. నీడ ఆ మణికట్టు విరిచి పట్టుకున్నాడు. ట్యూబు నొక్కితే తెల్లటి క్రీములోంచి చిప్ బయటికొచ్చింది. గైడ్ మెల్లగా నల్ల కళ్లజోడు తీసింది, నీడ చెప్పగానే పడవవాళ్లు వాళ్లిద్దరి చేతులూ కట్టేశారు.

పడవ కదిలింది. అక్క చెంగుతో అతని మోకాలికి కట్టు కట్టింది. అతను నీళ్లలో తేలుతున్న టోపీ వైపు చూశాడు.

"టోపీ పోయింది. కొత్తది కొనిస్తా అక్కా."

"కొనడమెందుకు, కుట్టుకుంటా. ఈసారి అందులో ఏదన్నా పెట్టాలంటే నాకివ్వు, నేనే కుడతా. ఛీ, అదేం కుట్టురా!"

నీడ ముఖం పాలిపోయింది. "నీకు తెలుసా?"

"నా కుట్టు నాకు తెలీదా? విమానం ఎక్కకముందే చూశా."

"మరి అడగలేదేం?"

"అడిగితే అబద్ధం చెప్తావు. ఏదో దొంగసరుకు మోస్తున్నావనుకున్నా. సరే, నా నెత్తి మీదే ఉందిగా, పట్టుకుంటే నన్నే పట్టుకుంటారు, నువ్వు తప్పించుకుంటావని పెట్టుకున్నా."

దొరికితే టూరిస్టు దొరుకుతుంది. చీఫ్ అన్న మాటే. దానికే తను ఎస్ సార్ అన్నాడు. నీడ సిగ్గుతో చచ్చిపోయాడు. అక్క ఒళ్లో తల పెట్టుకుని, చిన్నప్పుడు కూడా ఏడవనంతగా ఏడ్చాడు. అక్క అతని జుట్టులో ఇసుక దులిపింది.

ఇయర్‌ఫోన్ మోగింది. "శభాష్! ఇంతకీ మన టూరిస్టు వేషం సంగతి ఎవరికీ తెలియలేదుగా?"

నీడ ముక్కు తుడుచుకున్నాడు. "మొదటిరోజే తెలిసిపోయింది సార్. తెలిసినావిడ మంచిది కాబట్టి బతికిపోయాం."