మూత పెట్టిన నీళ్ళు

కెనడాలో కూడా ఒక లండన్ ఉంది. ధరణి చదువుకునేది అక్కడే. ఐదుగురు తెలుగమ్మాయిలు సర్దుకుని ఉండే ఆ బేస్‌మెంట్‌లో, మైక్రోవేవ్ పైనున్న చెక్క అర మీద దేవుడి పటాలు ఉండేవి. వాటి పక్కన రెండు జ్యూస్ సీసాలు. ఒకదాంట్లో నయాగరా నీళ్ళు. రెండోదాంట్లోవి ఎక్కడివో ధరణికే గుర్తులేదు. పెద్ద నీరు ఎక్కడ కనబడినా ఒక సీసా నింపి, మూత బిగించి ఇంటికి తెచ్చుకోవడం, మంచి రోజున తలా ఒక చెంచాడు తీర్థంగా పుచ్చుకోవడం వాళ్ళింటి అలవాటు. కాశీ వెళ్ళినవాళ్ళు గంగ తెచ్చుకున్నట్టే. "స్విమ్మింగ్ పూల్ కనబడినా దండం పెట్టేట్టుందే ఇది" అని రూమ్మేట్ శ్యామల ఏడిపించేది.

ఆ ఇంట్లో అందరికన్నా చిన్నది రూప, ధరణికి చిన్నమ్మ కూతురు. రూప కెనడా బయల్దేరిన ఆగస్టులో, శంషాబాద్ ఎయిర్‌పోర్టులో, సరోజన చిన్నమ్మ ఆ పిల్ల చెయ్యి తెచ్చి ధరణి చేతిలో పెట్టింది. "దీనికి ఏం తెల్వది బిడ్డా. ఎట్ల తీస్కపోతున్నవో అట్లనే మళ్ల నాకు తెచ్చియ్యాలె" అంది. ధరణి నవ్వేసి సరేనంది గానీ, ఆ మాట మరిచిపోయిన రోజు లేదు.

వారాంతాల్లో ధరణి ఊరి బయట టమాటాలు ప్యాక్ చేసే షెడ్డులో పనిచేసేది. ఆమె పక్కన నిలబడే ఇసబెల్‌ది మధ్య అమెరికాలోని గ్వాటెమాలా, అక్కడి ఆదివాసులైన మాయా జాతి మనిషి. బ్రేక్‌లో ఫోన్ తీసి తమ సరస్సు చూపించేది. చుట్టూ అగ్నిపర్వతాలు, ఒడ్డు వెంట చిన్న చిన్న ఊళ్ళు, ఊరి నుంచి ఊరికి పడవ. ఆ ఫోటోలు చూసి చూసి, ఫిబ్రవరి సెలవుల్లో నాలుగు రోజులు మంచు బాధ కూడా తప్పుతుందని, అక్కాచెల్లెళ్ళిద్దరూ టికెట్లు కొన్నారు.

మొదటి రెండు రోజులూ హాయిగా గడిచాయి. ఒక్కో ఊరి రేవులో దిగడం, రాళ్ళ మెట్లెక్కడం, మొక్కజొన్న రొట్టెలు తినడం. ఆడవాళ్ళు మగ్గం ఒక కొసని స్తంభానికి కట్టి, రెండో కొసని నడుముకి పట్టీలా చుట్టుకుని నేస్తున్నారు. ఒకావిడ రూపను కూర్చోబెట్టి ఆ పట్టీ కట్టింది. రూప దారాలన్నీ చిక్కులు చేసి, కడుపు పట్టుకుని నవ్వింది. "చేతకాని పనులు నాకెందుకు చెప్పక్కా" అంది.

మూడో రోజు మధ్యాహ్నం ఆఖరి ఊరి నుంచి తిరుగు పడవ ఎక్కారు. ముసలి పడవవాడు, బుట్టలతో ఇద్దరు ఆడవాళ్ళు, వీళ్ళిద్దరూ. ధరణి ఫోన్ మెడలో వేలాడదీసుకుని వీడియో ఆన్ చేసి ఉంచింది. సంచిలోంచి ఖాళీ గాజుసీసా తీసేసరికి పడవవాడు చూశాడు. తల అడ్డంగా ఊపాడు. ధరణి నవ్వుతూ ఒక్కటే అన్నట్టు వేలు చూపించింది.

నడి సరస్సులో గాలి లేచింది. అప్పటిదాకా నీలంగా ఉన్న నీళ్ళు నల్లబడ్డాయి. ఎక్కడినుంచో నాచు వాసన, తడిసిన పాతబట్టల వాసన.

"అక్కా, ఇక్కడొద్దే. ఒడ్డుకెళ్ళినంక నింపుకుందాం."

"ఒడ్డున సబ్బునురుగు ఉంటది. నా నడుం పట్టుకో, ఒక్క నిమిషం."

ఈత రాని పిల్ల. నీళ్ళంటే భయం. అయినా అక్క చెప్పిందని రెండు చేతులతో పట్టుకుంది. ధరణి వంగి సీసా ముంచింది. బుడబుడమని నిండుతోంది... పడవ ఊగింది. నడుం మీద పట్టు వదిలింది.

కేక లేదు. పెద్దగా చప్పుడు కూడా కాలేదు. వెనక్కి తిరిగి చూస్తే రూప లేదు.

ధరణి గొంతు పోయేలా అరిచింది. ముసలాయన దూకాడు. మునిగాడు, తేలాడు, మళ్ళీ మునిగాడు. ఎంతసేపో ఆమెకి తెలియదు. నిండిన సీసాకి తన చేతులు ఎప్పుడు మూత బిగించాయో కూడా తెలియదు. చివరికి ఆయన రూపను జుట్టు పట్టి పైకి లాగాడు. రూప కళ్ళు తెరిచింది. దగ్గలేదు. ఒక్క చుక్క నీరు కక్కలేదు.

బుట్టల ఆడవాళ్ళు పడవ రెండో కొసకి జరిగిపోయారు. ముసలాయన రూప మొహం చూసి, ధరణి మీద విరుచుకుపడ్డాడు. సీసా చూపిస్తూ తన భాషలో ఏదో పదే పదే అరుస్తున్నాడు. తిడుతున్నాడనుకుంది ధరణి. తిట్టనీ, తప్పు తనదే. రూపను ఒక చేత్తో పొదువుకుని, సీసాను సంచిలో దాచేసింది. రూప చల్లటి చెయ్యి వచ్చి ఆ సంచి మూతిని గట్టిగా పట్టుకుంది.

లండన్ వచ్చాక వారం గడిచింది. రూప తక్కువ మాట్లాడేది. షాక్‌లో ఉందిలే అనుకున్నారు అందరూ. జుట్టు మాత్రం ఎంత తుడిచినా తడిగానే ఉండేది. సరోజన చిన్నమ్మ వీడియో కాల్ చేస్తే ఎత్తేది కాదు, మెసేజ్‌లు పెట్టేది. ఒక సాయంత్రం ధరణి గదిలోకి వెళ్ళేసరికి రూప దుప్పట్టా దారాలు ఊడదీసి, ఒక కొస మంచానికి, ఒక కొస నడుముకి కట్టుకుని నేస్తోంది. చూడకుండానే... వేళ్ళు ఎక్కడా తడబడకుండా.

దేవుడి అర మీద కొత్త సీసాలో, నీటికి పైన, గాజుకి ఆవిరి పడుతోంది. పడుతోంది, పోతోంది. మళ్ళీ పడుతోంది. హీటర్ వేడికి అనుకుంది ధరణి. అలా అనుకోకపోతే నిద్రపట్టదు మరి.

ఆదివారం శ్యామల తమ బేస్‌మెంట్‌లోనే చిన్న పూజ పెట్టుకుంది, వర్క్ పర్మిట్ వచ్చినందుకు. పదకొండింటికి పూజ, పన్నెండుకల్లా వస్తానని చెప్పి ధరణి పొద్దున షిఫ్టుకి వెళ్ళింది. పదింటి బ్రేక్‌లో, వారం నుంచి మనసులో నలుగుతున్నది ఆగక, పడవలో తీసిన వీడియో ఇసబెల్‌కి చూపించింది.

ఇసబెల్ చెవి దగ్గర పెట్టుకుని విన్నది. రెండోసారి విన్నది. ఫోన్ బల్ల మీద పెట్టేసి చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది.

"మునిగినవాళ్ళని మా సరస్సు తిరిగివ్వదు, వాళ్ళ ప్రాణం ఆ నీళ్ళలోనే ఉంటుంది" అంది గుసగుసగా, తనకొచ్చిన ఇంగ్లీషులో. "అందుకే ఎవరం దాని నీళ్ళు మూతపెట్టి తీసుకెళ్ళం."

"ఆయన ఏమంటున్నాడు ఇసబెల్?"

"మూత తియ్యి, అంటున్నాడు."

"ఇంకా?"

"పిల్ల సీసాలో ఉంది. మూత తియ్యి. నేను పైకి లాగింది పిల్లని కాదు..."

ధరణి ఏప్రన్ కూడా విప్పకుండా బయటికి పరుగెత్తింది. శ్యామలకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. బిజీ. ఆదివారం బస్సు ఎంతకీ రాలేదు. ఉబర్ దొరికేసరికి పదకొండున్నర. వెనక సీట్లో కూర్చుని, సీసాలో పట్టి పోయే ఆవిరే కళ్ళముందు కనబడుతుంటే, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఊపిరి... అది ఊపిరి. వారం రోజులుగా ఆ పిల్ల తన కళ్ళ ముందే ఊపిరి తీసుకుంటూ ఉంది.

తలుపు తోసింది. అగరొత్తుల వాసన, దాని కింద నాచు వాసన. పది మంది దాకా అమ్మాయిలు, అబ్బాయిలు ప్లేట్లలో పులిహోర పెట్టుకుని కూర్చున్నారు. ఎవరూ తినడం లేదు. అందరూ గొంతు తడుముకుంటున్నారు. శ్యామలకి వణుకు.

"ధరణీ... హీటర్ పోయిందా ఏంటే? ఇంత చలి."

వాళ్ళ మధ్యలో రూప నిలబడి ఉంది. ఒక చేతిలో సీసా, ఒక చేతిలో చెంచా. జుట్టు చివర్ల నుంచి నీళ్ళు కార్పెట్ మీద పడుతున్నాయి.

"అందరికీ తీర్థం ఇచ్చిన అక్కా" అంది. "నీ కోసం ఒక్క చెంచాడు ఉంచిన."

ధరణి చెయ్యి చాపింది. ఎందుకు చాపిందో... ఆ ఒక్క చెంచాడైనా దక్కించుకోవాలని చాపింది. రూప సీసా వంచి, చివరి చుక్క దాకా ఆమె అరచేతిలో పోసింది.

అర మీద, పటాలకి ఆనించి, శ్యామల ఫోన్ ఉంది. పూజ చూడ్డానికి వీడియో కాల్‌లోకి వచ్చిన సరోజన చిన్నమ్మ అందులోంచి తొంగి చూస్తోంది.

"ధరణీ, వచ్చినవా బిడ్డా? ఇందాకటిసంది చూస్తున్న. అందరు కనబడుతున్నరు, రూప ఏది?"

రూప సరిగ్గా ఫోన్ ఎదురుగా నిలబడి ఉంది.

"గొంతు అయితే ఇనబడుతున్నది. అమ్మా, చలి పెడుతున్నది అని పిలుస్తనే ఉన్నది. ఒక దిక్కు నుంచి కాదు... ఆడికెల్లి ఒకసారి, ఈడికెల్లి ఒకసారి. ఏడ దాచిపెట్టిన్రే నా బిడ్డను?"

ధరణి తలదించుకుని అరచేతిలోకి చూసింది. చెంచాడు నీళ్ళు. ఒక్క చుక్క కూడా జారనివ్వకుండా వేళ్ళు బిగించింది.

నీళ్ళు చల్లగా లేవు. ఒంటి వేడి ఉంది వాటికి.