అమ్మ ఇచ్చిన రక్తం

"ఎలకల డాక్టరమ్మా, నా మాత్రలేవీ?" అని తండ్రి మంచం మీద నుంచే కూతుర్ని కేకేశాడు. మాత్రలు తెచ్చింది మాత్రం తల్లే. ఆయన కాలేయానికి మచ్చలు పడి గట్టిపడిందని తెలిసినప్పటి నుంచి ఆ ఇల్లంతా ఆయన మంచం చుట్టూనే తిరుగుతోంది.

కూతురు ప్రయోగశాలలో పనిచేస్తుంది. కాలేయం పాడైన ఎలకలకి, ఆరోగ్యమైన ఎలకల రక్తంలోంచి తీసిన ప్లేట్‌లెట్లు ఎక్కించి, మచ్చలు తగ్గుతాయేమో చూడటం ఆమె పని. కొన్నిటికి తగ్గాయి కూడా. ఆ మాట ఇంట్లో నోరు జారి చెప్పడం కొరివితో తల గోక్కున్నట్టయింది.

"నా రక్తం తీసుకెళ్ళవే. మీ నాన్నకి ఎక్కించు," అంటూ తల్లి మళ్ళీ చెయ్యి చాపింది.

"అమ్మా, అదింకా ఎలకల దగ్గరే ఉంది. మనుషుల దాకా రాలేదు."

"ఎలకకి పట్టిన మందు మొగుడికి పట్టదా? ఈయన కూడా వంటింట్లో డబ్బాలు వెతికే రకమే!"

కూతురు పకపకా నవ్వింది. ఈ పోరు పడలేక, పనికిరాదని చెప్పేస్తే సరిపోతుందని పరీక్షకని గొట్టంలో తల్లి రక్తం కాస్త తీసుకెళ్ళింది.

ప్రయోగశాలలో యంత్రం చూపిన అంకె చూసి ఏదో పొరపాటనుకుంది. మళ్ళీ పెట్టింది. అదే అంకె. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయి ఉన్నాయి. కాలేయం గట్టిపడ్డ ఎలకల్లో ఇలా పడిపోవడం ఆమె రోజూ చూసేదే. కూర్చుందామంటే కుర్చీ ఎక్కడుందో కనబడలేదు.

మర్నాడు తల్లిని బతిమాలి ఆసుపత్రికి తీసుకెళ్ళి స్కానింగ్ చేయించింది. తిరిగొచ్చేసరికి తండ్రి చిర్రుబుర్రులాడుతున్నాడు.

"పొద్దుటి నుంచి ఇద్దరూ ఏమైపోయారు? నాకు మాత్రలెవరిస్తారు?"

"నాన్నా, అమ్మ కాలేయం కూడా చెడింది. నీకంటే ఎక్కువ."

"ఎలకలతో ఉండి ఉండి నీకు అందరూ రోగుల్లాగే కనబడుతున్నారు," అని నవ్వబోయాడు. కూతురు ఏడుస్తోంది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"ఊరుకోవే! నాకేం, గుండ్రాయిలా ఉన్నాను," అంది తల్లి. "కాళ్ళు కాస్త వాచాయి. అందుకేగా పెద్ద చెప్పులు కొనుక్కున్నాను."

కూతురికి ఒళ్ళు మండింది. "కాళ్ళు వాస్తే చెప్పులు మారుస్తారా అమ్మా? మాకెందుకు చెప్పలేదు?"

"ఇద్దరం మంచమెక్కితే ఇల్లు ఎలా గడుస్తుందే?"

తండ్రి భార్య పాదాల వైపు చూశాడు. తనకి ఏ రోజు ఎక్కడ నొప్పి పుట్టిందో ఆయన గడగడా చెప్పగలడు. పక్కనే తిరిగే మనిషి కాళ్ళు ఎప్పటి నుంచి వాచాయో తెలియదు. ఆ చెప్పులు చూసి "పడవలు కొన్నావా?" అని వెక్కిరించింది కూడా ఆయనే.

ఆయన మెల్లగా లేచి, భార్య భుజాలు పట్టుకుని తన మంచం మీద కూర్చోబెట్టాడు.

"డాక్టరేమన్నాడు?" అన్నాడు కూతురి వైపు తిరిగి.

"ఇప్పటికైనా వైద్యం మొదలుపెడితే ముదరకుండా ఆపొచ్చట. విశ్రాంతి కావాలట," అంది కూతురు.

ఆయన మంచం చివర కూర్చుని, నీరు పట్టిన ఆ పాదాలు ఒళ్ళోకి తీసుకున్నాడు. వేలితో నొక్కితే గుంట పడి, అలాగే ఉండిపోయింది. ఆయన కళ్ళు ధారకట్టాయి.

"ఛ, వదలండి! పిల్ల చూస్తోంది," అంది తల్లి సిగ్గుపడిపోతూ.

"చూడనీ," అన్నాడాయన. "నేనే చూడలేదు."