'నిజంగా' అనలేనివాడు

పాలస్తీనాలోని బేత్‌జాలా ఊళ్లో ఈస్టర్ వారంలో ఎవరైనా పోతే ఓదార్పు మాటలు వేరేగా ఉండవు. గడప ఎక్కుతూనే "క్రీస్తు లేచాడు" అంటారు. ఇంటివాళ్లు "నిజంగా లేచాడు" అంటారు. ఏడుపు ఆ తర్వాత సంగతి.

దావూద్ ఇంట్లో మాత్రం వరస తిరగబడింది. పొద్దున్నే భార్యను సమాధి చేసి వచ్చిన ఆయన, వచ్చినవాళ్లు నోరు తెరవకముందే తానే ఆ మాట అంటున్నాడు, గొంతు బొంగురుపోయేంత గట్టిగా. రమ్జీ చేయి పట్టుకుని కూడా అన్నాడు.

"క్రీస్తు లేచాడు!"

రమ్జీ నోరు పెగల్లేదు.

చేదు కాఫీ తాగుతున్నవాళ్లంతా తలెత్తి చూశారు. దావూద్ చేయి వదిలేసి మొహం తిప్పుకున్నాడు. అసలు ఆ రోజే తల్లిదండ్రులతో వచ్చి ఈ ఇంటి పిల్లని అడగవలసినవాడు రమ్జీ! ఎంత నిజాయితీపరుడైనా ఇంత మొండితనం పనికిరాదు.

వంటింటి గుమ్మంలోంచి దావూద్ కూతురు నుహా అంతా చూసింది. ఆమే రమ్జీ ఒకే బడిలో పాఠాలు చెబుతారు. ఆమె లెక్కలు, అతను చరిత్ర. సంబంధం మాట్లాడడానికి పండగ మర్నాడు రమ్మన్నది నుహా వాళ్లమ్మే. అతని కోసమని ఖర్జూరం కూరిన బిళ్లలు చేసి డబ్బా నింపింది. పండగ ఆరాధన నుంచి వచ్చి పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. ఆ డబ్బాని దావూద్ ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు.

బయట వాన పడుతోంది. నుహా మెట్ల మీద రమ్జీని పట్టుకుంది.

"గొడుగు మర్చిపోయారు మాస్టారూ."

కోపం వస్తేనే మాస్టారు అంటుంది.

"నుహా, నేను..."

"ఒక్క మాట! అంటే నీ సొమ్మేం పోయేది?"

"మీ అమ్మ పోయిన ఇంట్లో నిలబడి, నమ్మకం లేకుండా ఎలా అనను?"

"నమ్మకం లేదా? పిల్లలకి నువ్వే చెబుతావుగా! ఆడవాళ్ల సాక్ష్యానికి విలువ లేని రోజుల్లో, క్రీస్తు సమాధి ఖాళీ అని ముందు చెప్పింది ఆడవాళ్లేనని. కథ అల్లేవాడు అలా అల్లడని!"

"చెబుతాను. భయపడి పారిపోయిన శిష్యులే తిరిగొచ్చి ఆ మాట కోసం ప్రాణాలిచ్చారనీ చెబుతాను. కానీ పొరబడ్డవాళ్లు కూడా ప్రాణాలిస్తారు. దుఃఖంలో కళ్లకి ఏదైనా కనిపిస్తుంది."

నుహా గొడుగు పిడిని వేళ్లతో తిప్పింది.

"పొద్దున చర్చి దగ్గర అచ్చం అమ్మదిలాంటి ఆకుపచ్చ కోటు కనిపించింది" అంది. "అమ్మా అని పిలిచేశాను కూడా. వేరే ఆవిడ. లేచిన క్రీస్తుని చూశానన్న మగ్దలేనే మరియకీ ఇంతేనేమో అనిపించింది రమ్జీ. అంత చదివినవాడివి, నువ్వంటే నేనూ ధైర్యంగా అనొచ్చనుకున్నాను. నువ్వేమో..."

గొడుగు అతని చేతిలో కుక్కి, తడుస్తూనే లోపలికి వెళ్లిపోయింది. రమ్జీ ఆ గొడుగు విప్పకుండానే ఇంటికి చేరాడు.

తర్వాతి ఆదివారం తోమా ఆదివారం, కళ్లారా చూస్తేగానీ నమ్మనన్న శిష్యుణ్ణి తలుచుకునే రోజు. ఆరాధన అవగానే రమ్జీ మళ్లీ ఆ తలుపు తట్టాడు. దావూదే తీశాడు.

"మళ్లీ మూగనోము పట్టడానికొచ్చావా?"

"క్షమించమని అడగడానికొచ్చాను మామయ్యా. ఆ తర్వాత పిల్లని అడుగుదామని."

"అప్పుడే మామయ్యనా!" అన్నాడు కానీ, ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. "క్షమించడానికేముంది? ఆవేళ నేను పలకరించాననుకున్నావు. కాదు అబ్బాయ్, అడిగాను. నా సల్మా లేస్తుందా అని ఒక్కొక్కణ్ణీ అడిగాను. అందరూ ఠక్కున అనేశారు. నువ్వొక్కడివే ఆలోచించావు. అందుకే భయమేసింది."

రమ్జీ గడప బయటే నిలబడి చెప్పాడు.

"నుహా వేరే ఆవిణ్ణి చూసి అమ్మ అనుకుంది. దుఃఖం అలాగే చేస్తుంది. కానీ మరియకి అది తిరగబడింది, ఎదురుగా ఉన్న క్రీస్తునే చూసి ఎవరో తోటమాలి అనుకుంది. ఆయన పేరు పెట్టి పిలిస్తేగానీ పోల్చుకోలేదు. వారమంతా దాని గురించే ఆలోచిస్తున్నాను."

"అయితే నమ్మినట్టేనా?"

"'నిజంగా' అని ఇంకా అనలేను మామయ్యా. అబద్ధం చెప్పి మీ పిల్లని తీసుకెళ్లలేను."

దావూద్ తలుపు బార్లా తీశాడు.

"తోమా వారం రోజులు నమ్మకుండానే మిగతా శిష్యుల మధ్య కూర్చున్నాడు. బయటికి పొమ్మని ఎవరూ అనలేదు. లోపలికి రా. నుహా! అమ్మ డబ్బా తే."

నుహా తెచ్చి మూత తీసింది. దావూద్ ఒక బిళ్ల తీసుకున్నాడు. ఈసారి మెల్లగా, దాదాపు తనలో తనే అన్నాడు.

"క్రీస్తు లేచాడు."

రమ్జీ నుహా వైపు చూశాడు. ఆమె కళ్లు దించుకోలేదు.

"లేచాడని ఆశపడుతున్నాను" అన్నాడు.

"నేనూ" అంది నుహా.

"ఇవాళ్టికి నా దగ్గరా అంతే ఉంది" అని దావూద్ బిళ్ల కొరికాడు.

నుహా డబ్బాని రమ్జీ ముందుకు జరిపింది.

"తిను. అమ్మ నీకోసమే చేసింది."