ఏడో ప్రశ్న

"ఏంది, మోటార్ రిపేరా?" అన్నాను తలెత్తకుండా.

"కాదు, నీ రిపేరు."

తలెత్తాను. వానకు తడిసిన దుపట్టా, చుక్క పడని ఫైలు. పక్కవీధి ఖాదర్ వలి గారి అమ్మాయి సాదియా. ఒకే బడిలో చదివాం, ఇప్పుడు తను ఎమ్మెస్సీ సైకాలజీ. నరసరావుపేటలో నా వైండింగ్ షాపుకొచ్చేవాళ్లంతా నన్ను సుహైల్ భాయ్ అంటారు. తను మాత్రం ఒక్కనాడూ అనలేదు. నాకున్న ధైర్యమల్లా అదే.

"పది ప్రశ్నలు. పూర్తిగా నిజమైతే ఐదు, అసలు కాదంటే ఒకటి. నెల తర్వాత మళ్లీ ఇవే అడుగుతా."

"పది ప్రశ్నలకే మనిషి తెలిసిపోతాడా?"

"అదే తేల్చాలి. రెండుసార్లూ ఒకేలా చెప్తే నమ్మొచ్చంటాడు మా సార్."

ఏడోది చదివింది. "మనసులో మాట మనసులోనే దాచుకుంటాను."

"ఐదు," అన్నాను. నవ్వి రాసుకుంది.

తను వెళ్లగానే నా పది అంకెలూ గోడ మీద సుద్దతో రాసిపెట్టుకున్నాను. నా వల్ల తన ప్రాజెక్ట్ చెడకూడదు.

నెల తిరిగేసరికి ఖాదర్ వలి గారు మోటార్ తెచ్చి, క్రోసూరు నుంచి సంబంధం వచ్చిందన్నారు. "ఆలోచించి సాయంత్రం చెప్తానంది అమ్మాయి."

ఆ మధ్యాహ్నమే సాదియా వచ్చింది. తన వెనక గోడ చూస్తూ గబగబా చెప్పేశాను. సంతోషంగా ఉన్నానన్నదానికి కూడా పాత నాలుగే చెప్పాను. ఏడోది మాత్రం తను రెండుసార్లు చదివింది.

"ఐదే. ఏం మారలా."

పెన్ను కాసేపు ఆగింది. తర్వాత రాసుకుని వెళ్లిపోయింది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

నిఖా అయిన మూడు నెలలకు పుట్టింటికొచ్చి, షాపు ముందు ఆగింది.

"అన్నీ మ్యాచ్ అయినయ్యా?" అన్నాను.

"నీయి మరీ ఎక్కువ మ్యాచ్ అయినయ్." అప్పుడు చూసింది గోడ మీది అంకెల్ని. చాలాసేపు చూసింది. "మారితే నా ప్రాజెక్ట్‌కేం కాదు సుహైల్. మారిందేమో చూద్దామనే రెండోసారి అడిగేది. ఏడోదొక్కటి మారుస్తావని ఆ రోజు చానా ఎదురుచూశా."

"ఇప్పుడడుగు. ఏడోదానికి ఐదు కాదు, ఒకటి చెప్తా. నువ్వంటే నాకు ప్రాణం సాదియా."

తన కళ్లు నిండాయి. దుపట్టా కొంగుతో తుడుచుకుంది.

"ప్రాజెక్ట్ సబ్మిట్ చేసేశా," అంది మెల్లగా. "వెళ్లొస్తా, సుహైల్ భాయ్."