మెట్ల మీద ఆవిడ

ఆ ఉదయం గ్లెండా టోస్టు మాడ్చింది. మామూలుగా అయితే మెగన్ మొహం చిట్లించి ప్లేటు పక్కకి నెట్టేసేది. ఆరోజు మాత్రం కరకరా నమిలి మింగేసి, "సాయంత్రం కాలేజీలో నా సినిమా వేస్తున్నారు. నువ్వూ రా, గ్లెండా. ముందు వరసలో కూర్చోబెడతాను," అంది.

గ్లెండా చేతిలో వెన్న కత్తి ఆగిపోయింది. "నేనా? నిజంగానా?"

"నువ్వు రాకపోతే ఎలా?"

డెరెక్ కూతురి వంక మురిపెంగా చూశాడు. పెళ్ళాం పోయి ఏడాది తిరక్కుండానే గ్లెండాని పెళ్ళి చేసుకున్న మనిషాయన. ఇంట్లో ఆడవాళ్ళిద్దరూ ఒక మంచి మాట మాట్లాడుకుంటే చాలు, తమ ఊరి గ్రిమ్స్‌బీ ఫుట్‌బాల్ జట్టు మ్యాచ్ గెలిచినంత సంబరం. కూతురి కడుపులో ఏముందో ఆయనకేం తెలుసు!

కడుపులో ఉన్నది పగ. అమ్మ కుర్చీలో దర్జాగా కూర్చుని టీ తాగే ఈ మనిషిని పదిమందిలో దెయ్యాన్ని చేసి నిలబెట్టాలని మెగన్ పంతం. చదువులో భాగంగా భయపెట్టే చిన్న సినిమా ఒకటి తీయమన్నారు. ఇంకేం, వెతకబోయిన తీగ కాలికి తగిలింది. గ్లెండా కార్పెట్ల కొట్టుకి పనికి పోగానే ఆ ఇంట్లోనే షూటింగు. ఆవిడ ఊదారంగు గౌనే స్నేహితురాలికి తొడిగి దెయ్యాన్ని చేసింది. ఆ దెయ్యం అచ్చం గ్లెండాలాగే కూనిరాగం తీస్తూ మెట్లెక్కుతుంది, పిల్ల గది తలుపు తడుతుంది, "టీ తెచ్చాను బంగారం," అంటుంది. చివరికి పిల్ల దాన్ని వానలోకి గెంటి గడియ పెడుతుంది. పిల్ల వేషం మెగన్‌దే.

హాల్లో దీపాలు ఆర్పారు. మెగన్ తెర వైపు చూడలేదు, గ్లెండా మొహమే చూసింది. గౌను కనిపించగానే ఆ మొహంలో నవ్వు పోయింది. కూనిరాగం వినగానే చేతిసంచీని గట్టిగా పట్టుకుంది. 'అనుభవించు,' అనుకుంది మెగన్. ప్రాణానికి ఎంత హాయిగా ఉందో!

ప్రేక్షకులు ఏమన్నారో విని, దాని మీద వ్యాసం రాస్తేనే మార్కులు. హార్గ్రీవ్స్ సార్ ముందుకొచ్చి, "ఊఁ, మొహమాటం లేకుండా చెప్పండి," అన్నారు.

"దెయ్యం పాపం సార్," అన్నాడు వెనక నుంచి ఒకడు. "టీ ఇస్తానంటే అంత గోలేంటి? మా ఇంటికి పంపండి దాన్ని!"

హాలంతా గొల్లుమంది.

"నాకైతే ఆ పిల్లని చూస్తేనే వణుకొచ్చింది," అంది ఒక తల్లి. "వానలోకి నెట్టి నవ్వుతుందేంటమ్మా, రాక్షసి!"

"సరే, చేతులెత్తండి," అన్నారు సార్. "పిల్లని చూసి భయపడ్డవాళ్ళు?"

ఎక్కడ చూసినా చేతులే. గ్లెండా పక్కనే కూర్చున్న డెరెక్ చెయ్యి కూడా సగం లేచి, కూతుర్ని చూసి దిగిపోయింది.

"దెయ్యాన్ని చూసి?"

ఒక్కరూ కదల్లేదు. తాను తీసిన గోతిలో తానే పడింది మెగన్. చెవులు మండిపోతున్నాయి. అప్పుడు ముందు వరసలో ఒక్క చెయ్యి లేచింది. గ్లెండాది.

బయటికొచ్చాక, డెరెక్ కారు తేవడానికి వెళ్ళగానే మెగన్ విరుచుకుపడింది. "నీ జాలి నాకక్కర్లేదు! ఎందుకెత్తావు చెయ్యి? అది నువ్వేనని తెలియలేదా?"

"తెలియకేం? నా గౌను నాకు తెలియదా?" గ్లెండా గొంతూ లేచింది. "నన్ను దెయ్యాన్ని చేసి, పిలిచి మరీ ముందు కూర్చోబెట్టావు. చెంప పగలగొడదామనిపించింది!"

"మరెందుకెత్తావు?"

"జాలీ లేదు, గీలీ లేదు. భయమేసింది, ఎత్తాను. ఇవాళన్నా ఒక మాట మాట్లాడతావేమోనని రోజూ టీ పట్టుకుని మెట్లెక్కుతాను. నీ కంటికి నేనిలా కనిపిస్తున్నానని ఇవాళే తెలిసింది."

ఆవిడ కళ్ళు నిండిపోయాయి. ఆ కన్నీళ్ళ కోసమే మెగన్ ఇన్నాళ్ళూ కష్టపడింది. తీరా అవి వచ్చాక చూడలేకపోయింది.

"నాకు అమ్మ కావాలి, గ్లెండా," అంది చిన్నపిల్లలా. "నీ మీద కోపం పోతే, అమ్మని మర్చిపోయినట్టే అనిపిస్తుంది."

"అయితే ఉంచుకో కోపం," అంది గ్లెండా, దగ్గరకు లాక్కుంటూ. "కానీ ఎదురుగా నిలబడి తిట్టు. సినిమాలు తియ్యకు."

మెగన్ తిట్టలేదు. ఆవిడ కోటు పట్టుకుని, అమ్మ పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చింది.